అరుగు కోసం ఇంగ్లీషు

కొత్త ఒరిస్సా రాష్ట్రం వచ్చి రెండేళ్ళు కూడా నిండలేదు, బరంపురం బడా బజార్లో వీధి వెడల్పు చెయ్యాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. సర్వేవాళ్ళు వచ్చి సోమేశ్వరరావు పసుపు కొట్టు అరుగు మీద, అంచు నుంచి నాలుగు మూరలు లోపలికి ఎర్రగీత గీసి వెళ్ళారు. అరుగు మొత్తం ఐదు మూరలు. మిగిలే మూరెడులో పసుపు బస్తా కాదు కదా, పిల్లి కూడా సుఖంగా పడుకోలేదు.

సోమేశ్వరరావు భార్య కామాక్షి ఆ గీత చూసిన రోజు నుంచీ సరిగ్గా అన్నం తినలేదు. ఇవాళ అరుగు పోతే రేపు గోడ, ఎల్లుండి ఇల్లు, ఆ మర్నాడు తామందరూ కొడల ఊళ్ళో తన అన్నగారి పంచన. అక్కడి దాకా ఆవిడ అప్పుడే చూసేసింది, వదినగారి మొహంతో సహా.

గీత ఎంతవరకు ఉండాలో తేల్చడానికి తెల్లదొర స్వయంగా వస్తున్నాడని తెలిసి, వర్తకులు ఎవరో ఒకరు ఆయనకు మొర చెప్పుకోవాలని తీర్మానించారు. తెలుగులో చెబితే ఒడియావాళ్ళకు కోపం, ఒడియాలో చెబితే తెలుగువాళ్ళకు కోపం. ఇంగ్లీషులో అయితే ఎవరికీ అర్థం కాదు గనక ఎవరికీ కోపం రాదు. పైగా ఆ దొర కాగితం చూసి చదివితే వినడట. ఏదో అడుగుతాడట, అప్పటికప్పుడు నిలబడి చెప్పాలట. ఈ పనికి కామాక్షి కొడుకు భీమేశ్వరరావు దొరికాడు. నాలుగో ఫారం చదివాడని కాదు, అందరూ తల దించుకున్నప్పుడు వాడొక్కడు తలెత్తి ఉన్నాడని.

రిటైరైన స్టేషను గుమాస్తా వైకుంఠరావు పంతులుగా కుదిరాడు.

"భయపడకు. మాట తట్టకపోతే గొంతు పెంచు. తప్పు మాటాడితే ఇంకా గట్టిగా మాటాడు. దొర తనకే ఇంగ్లీషు రాదనుకోవాల," అన్నాడాయన.

రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక వస్తువు పేరు చెప్పాలి, దాని మీద వాడు ఆగకుండా మాట్లాడాలి. ఆ పేరు చెప్పే పని కామాక్షిది.

"సెప్పమ్మా, ఏదైనా పరవాలేదు," అనేవాడు కొడుకు.

ఏదైనా పరవాలేదు అన్న మాట కామాక్షి ఎరగదు. కత్తి అంటే ఎవరికో తెగుతుంది. దీపం అంటే కొట్టు అంటుకుంటుంది. ఆలోచించి ఆలోచించి "కుంకం" అనేది. ఇరవై రోజులు కుంకం మీదే ఉపన్యాసం సాగింది.

"ఏవండీ, ఆ దొర ముందు ఏదైనా అనేస్తే పిల్లోడిని జైల్లో ఏసేస్తారేమో," అంది భర్తతో.

"ఆడు ఏటన్నాడో ఆడికే తెలీదు. పోలీసులకేటి తెలుస్తాదే?"

దొర రానే వచ్చాడు. కామాక్షి మేడమీద కిటికీ పట్టుకుని నిలబడింది. భీమేశ్వరరావు తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీదికి ఎక్కాడు. గొంతు ఒకటే లేవడం, ఇంకా లేవడం. పాపం, ఎన్ని మాటలు తట్టలేదో. వీధంతా తలలూపింది.

దొర నవ్వాడు. అంచు నుంచి రెండు మూరల దగ్గర చేతికర్రతో తట్టాడు. దొర వెంట వచ్చిన గుమాస్తా అక్కడ సుద్దగీత గీశాడు. ఇంగ్లీషు రాకపోయినా కామాక్షికి తెలిసిపోయింది: నాలుగు పోవలసిన చోట రెండే పోతాయి, మూడు మిగులుతాయి.

అప్పుడు భీమేశ్వరరావు తల అడ్డంగా ఊపాడు.

ఆ తల ఊపుడు కామాక్షికి తెలుసు. ఈ ఇంటి మగపిల్లలకు అక్షరాలకంటే ముందు నేర్పేది అదే. ఎదుటివాడు మొదట అన్నదానికి ఒప్పుకోకూడదు. తువ్వాలు దులిపి లేచి వెళ్ళిపోవాలి. మూడో అడుగు పడేలోగా అవతలివాడు వెనక్కి పిలుస్తాడు. బేరగాడు పిలవకపోవడం బడా బజార్లో ఎవరూ ఎరగరు.

భీమేశ్వరరావు తువ్వాలు దులిపాడు. అరుగు దిగి నడిచాడు. ఒకటి. రెండు. మూడు. దొర వాచీ చూసుకున్నాడు. గుమాస్తా సుద్దగీత చెరపడానికి వంగాడు.

పాతికేళ్ళ కాపురంలో వీధిలో వినబడని గొంతు అప్పుడు వినబడింది.

"ఒరే భీమా, ఆయన పసుపు కొనడానికి రాలేదురా. ఎనక్కొచ్చి ఒప్పుకో."

వీధి మొత్తం తలెత్తి చూసింది. దొర కూడా చూశాడు. కామాక్షి ఆయనకు దండం పెట్టి, రెండు వేళ్ళు చూపించింది. దొర టోపీ తీసి గుమాస్తాతో ఏదో అన్నాడు. గుమాస్తా చెరపకుండానే లేచాడు.

మర్నాడు పొద్దున్న వర్తకులు దండ వేశారు, భీమేశ్వరరావుకు. అంత ధారాళంగా ఇంగ్లీషు మాట్లాడినవాడు గంజాం జిల్లాలోనే లేడన్నారు. ధారాళం సంగతి వాళ్ళకెలా తెలిసిందో ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సోమేశ్వరరావు భార్యకేసి కోపంగా చూశాడు.

"ఇంకొక్క అడుగు ఓర్సుకుంటే మూరతో పోయేది. నీ కంగారు కొంప ముంచీసింది."

"అవునమ్మా," అన్నాడు కొడుకు. "దొర పిలవబోయాడు. నోరు కూడా తెరిసాడు, నాను సూసాను."

"నీ ఈపు దొరకేసి ఉంటే ఎలా సూసావు బావూ?" అని కామాక్షి చారు పోసింది.

ఇంకో ముద్ద పెట్టుకోమని ఎవరికీ చెప్పలేదు. బయట గునపాల చప్పుడు మొదలైంది. కూలీలు సుద్దగీత దగ్గర ఆగుతారో లేదో అని ఆవిడ చెవి అటే ఉంది.