ఐదో వీబె జిగురు

ప్రెబెన్ పంతులు నాలుగోసారి మా ఇంటికి వచ్చినప్పుడే అనుకున్నాను, ఇవాళ ఈయనతో అటో ఇటో తేల్చుకోవాలని. ఆయన బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు డెన్మార్కులో చిన్న విమానాలు చేసి మూతబడిపోయిన కార్ఖానాల చరిత్రని పుస్తకంగా రాస్తున్నాడు. మా బ్రందుమ్ కార్ఖానాకి అందులో మూడు పేజీలు దక్కాయి. మర్నాడు అచ్చుకి వెళుతుందంటూ ఆ మూడు పేజీలూ పట్టుకొచ్చి నా వంటింట్లో కూర్చుని చదివాడు.

మొదటి రెండు పేజీలూ బాగానే ఉన్నాయి. ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున పాత పడవల షెడ్డు, తొమ్మిది మంది పనివాళ్లు, ఇద్దరు కూర్చునే చెక్క విమానం. దాని పేరు వీబె. అంటే తీతువు, మాకు వసంతం వచ్చిందని చెప్పే పిట్ట. మూడో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది: 'ప్రదర్శన రోజున జిగురు పట్టు విడవడంతో ఐదో విమానం ఎడమ రెక్క విరిగింది. ఆ తర్వాత కార్ఖానా కోలుకోలేదు.'

ఆ జిగురు కలిపింది నేను.

"ఆ వాక్యం తీసెయ్యమని మూడుసార్లు చెప్పాను కదా పంతులుగారూ," అన్నాను.

"చెప్పారు డాగ్నీగారూ. కానీ అప్పటి పత్రికలో అలాగే ఉంది మరి."

"పత్రికవాడు వచ్చి నా గిన్నెలో వేలుపెట్టి చూశాడా?"

"మీ మాటకైనా ఏదో ఒక ఆధారం ఉండాలిగా. మీ మేస్త్రీ విరిగిన రెక్కని వారం తిరక్కుండా తగలబెట్టేశాడు. నన్నేం చెయ్యమంటారు?"

ప్రతిసారీ ఇదే వరస. ఆధారం అంటాడు, నా కాఫీ తాగుతాడు, రెండు కేకు ముక్కలు తిని వెళ్లిపోతాడు. గోడకి చెప్పుకున్నా ఈపాటికి గోడ ఒప్పుకునేది.

మా జిగురు పాల విరుగుడుతో చేసేది. విరుగుడు పొడి, సున్నం, నీళ్లు. అంతకు ముందు పాల డెయిరీలో చేశానని, కార్ఖానా పెట్టిన మేస్త్రీ నాకా పని ఇచ్చాడు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. రెక్క విరిగిన మర్నాడు పత్రికవాడు 'జున్ను రెక్క' అని పెద్ద అక్షరాల్లో వేశాడు. అంతే, ఊళ్లో నాకు తలెత్తుకునే దారి లేకుండా పోయింది. రొట్టెల కొట్టుకి వెళితే, "ఏం డాగ్నీ, జున్ను రొట్టెలోకా, రెక్కలోకా?" అని అడిగేవాళ్లు. ముప్ఫై తొమ్మిదేళ్లయినా ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. గిన్నెడు జిగురు వాడడం అయిపోయాక, అడుగున మిగిలినదానితో రెండు దేవదారు పుల్లల్ని అతికించి, మీద తేదీ రాసి పెట్టాలి. గిన్నె అడుగుదే అన్నిటికంటే నాసిరకం కాబట్టి, అది నిలిచిందంటే పైదంతా నిలిచినట్టే. వారం తర్వాత అందరి ముందూ ఆ జంట పుల్లని ఇనప దవడలున్న వైస్‌లో బిగించి, అతుకులో ఉలి పెట్టి కొట్టేవాళ్లం. చెక్క చీలితే జిగురు మంచిది. అతుకు దగ్గర శుభ్రంగా విడిపోతే, చేసిన పనంతా విప్పి మళ్లీ మొదలు. మంచిదని తేలిన పుల్లని పొయ్యిలో పడేసి దాని మీదే కాఫీ కాచుకునేవాళ్లం. జిగురు కలిపినవాళ్లకి మొదటి కప్పు. నాలుగు విమానాలకీ మొదటి కప్పు నేనే తాగాను. మా పనికి ఉన్న ఆధారాలన్నీ మా చేత్తోనే పొయ్యిలో పెట్టుకున్నామని అప్పుడు ఎవరికి తట్టింది?

ఐదోదానికి పుల్ల విరవలేదు. ప్రదర్శన ముంచుకొచ్చింది, పుల్ల విడిపోయినా అంతా విప్పి మళ్లీ చేసే టైము లేదు. "ఈసారికి వదిలెయ్ డాగ్నీ, నీ చేతి జిగురేగా," అన్నాడు మేస్త్రీ. ఎనిమిది రోజుల తర్వాత రెండు వందల మంది చూస్తుండగా విమానం గట్టిగా నేలకి తగిలి ఎడమ రెక్క మడత పడింది. నడిపినవాడు కుంటుకుంటూ బయటికొచ్చాడు. మూడు నెలల్లో షెడ్డుకి తాళం పడింది.

ఆ పుల్లని మేస్త్రీ వదిలెయ్యమన్న రోజే ఏప్రన్ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను.

పంతులు రెండో కేకు ముక్క అందుకోబోతుంటే లేచి, బీరువా సొరుగులోంచి పుల్ల తీసి బల్ల మీద పెట్టాను. తేదీ ఇంకా కనిపిస్తోంది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఇది ఐదోదానిదేనా? ఇన్నిసార్లు వచ్చాను, ఒక్కసారైనా చూపించలేదేం?"

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఐదోదానికి కలిపిన రోజు గిన్నెలో జిగురు తొందరగా చిక్కబడింది. పారబోసి కొత్తది కలపాలి. టైము లేదని నేను ఒక చెంచా నీళ్లు పోసి కలిపేశాను. అలా చెయ్యకూడదని నాకు తెలుసు. చెంచాడు నీళ్లు. పత్రికవాడి మీద, పంతులు మీద, రొట్టెల కొట్టువాళ్ల మీద ఇన్నేళ్లు నేను అరిచిన అరుపంతా ఆ చెంచా మీద కప్పిన దుప్పటి.

"రండి," అన్నాను.

పెరట్లో కొట్టుగదికి తీసుకెళ్లాను. మా ఆయన వాడిన వైస్ ఇంకా అక్కడే ఉంది. పుల్లని బిగించాను. ఉలి రెండుసార్లు జారింది. పంతులు సాయం చెయ్యబోతే వద్దన్నాను. మూడోసారి అతుకులో ఉలి ఆనించి సుత్తితో కొట్టాను.

చెక్క చీలింది. పొడుగ్గా, పీచుపీచుగా, అతుకుని వదిలేసి పక్కనుంచి చీలింది. జిగురు గీత ఎక్కడిదక్కడే ఉంది.

"ఆధారమంటే ఇదీ," అన్నాడు పంతులు. "ముట్టుకోకండి, కారులో కెమెరా ఉంది, తెస్తాను." పాపం, ఆ వయసులో పరుగెత్తాడు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మేస్త్రీ గుర్తొచ్చాడు. షెడ్డు మూశాక పదకొండేళ్లు మా వీధి చివరే ఉండి, ఊళ్లోవాళ్ల కిటికీలు, తలుపులు బాగుచేసుకుంటూ బతికాడు. నేను ఎదురైతే టోపీ ఎత్తి పలకరించేవాడు. జిగురు సంగతి ఒక్కనాడూ అడగలేదు. నా చేతి జిగురే తన కార్ఖానాని ముంచిందని నమ్మి, నన్ను ఒక్క మాట అనకుండా పోయాడు. ఆ పదకొండేళ్లూ ఈ పుల్ల ఆయన గుమ్మానికి నలభై అడుగుల దూరంలో నా సొరుగులో ఉంది. ఒక్క సుత్తి దెబ్బ. అది కొట్టి ఉంటే ఆయన మళ్లీ షెడ్డు తెరిచేవాడేమో. నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, సుత్తిని గోడకేసి కొట్టాలనిపించింది.

పంతులు కెమెరా పట్టుకుని వచ్చేసరికి నేను వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉన్నాను. పైన కెటిల్ పెట్టి ఉంది.

"పుల్ల ఏదండీ?"

అప్పుడు గాని నాకు తెలియలేదు. చూడడం అయిపోయింది, చెక్క చీలింది, పాత అలవాటు కొద్దీ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పొయ్యి తలుపు తెరిచాను. రెండు ముక్కలూ మండుతున్నాయి.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఇప్పుడు నేనేం రాయాలి? నా కళ్లతో చూశానంటే ఎవరు నమ్ముతారు?"

"నా మాట మీరు నమ్మారా ఏమిటి?"

కాఫీ మరిగింది. మొదటి కప్పు నాకే పోసుకున్నాను కానీ తాగలేకపోయాను.

"ఒక్కటి చెప్పండి," అన్నాడు చివరికి. "ముప్ఫై తొమ్మిదేళ్లు ఎందుకు విరవలేదు?"

"భయమేసింది," అన్నాను.

పంతులు జేబులోంచి పెన్సిలు తీశాడు. నాలుగుసార్లు వచ్చి నా మాటల్లో ఆయన రాసుకున్నది అదొక్కటే.