గంధం మెత్తిన నోరు

నేను ఒక అలారాన్ని. అందగత్తెను కాను. బాలానగర్ షెడ్డులో రేకు వంచి, చిల్లులు కొట్టి, లోపల హారన్ బిగించారు. నా పని అరవడం. సూర్యుడి మీద పేలుడు జరిగితే కణాలు దూసుకొస్తాయి. తేలికైన ఎలక్ట్రాన్లు ముందు, మనిషి ఒంటిని లోలోపల పాడుచేసే ప్రోటాన్లు వెనక. ఉపగ్రహం ఎలక్ట్రాన్లను పసిగట్టగానే నేను అరవాలి. ఆ రెండింటి మధ్య దొరికే కాస్త వ్యవధిలోనే అంతరిక్షంలో ఉన్నవాళ్లు గోడల చాటుకు చేరాలి.

అరిచేవాళ్లంటే ఎవరికి గిట్టుతుంది? హైదరాబాదు హెచ్చరిక కేంద్రంలో నాకు నోటిదురుసుదని పేరు. ఆయుధపూజకు మాత్రం దండ వేశారు. అధికారి గోవర్ధనం గారు భక్తి ఎక్కువై నా చిల్లుల మీదే గంధం మెత్తి కుంకుమ పెట్టారు. అది ఎండి రాయైంది. బొట్టు తుడవడం అపశకునమట, ఎవరూ ముట్టలేదు.

వారం తిరగకముందే సూర్యుడు పేలాడు. మధ్యాహ్నం, అందరూ అన్నం డబ్బాల దగ్గరున్నారు. చంద్రుడి చుట్టూ తిరిగే నౌక బయట వ్యోమగామి అమృతవల్లి మరమ్మతు చేస్తోంది. ఒంటి మీద సూటు తప్ప అడ్డం లేదు. ప్రాణం పెట్టి అరిచాను. ఈగ మోతలా వచ్చింది. అయినా ఆపలేదు.

డ్యూటీలో ఉన్న వరూధిని నా మీద చెయ్యి వేసింది. అదురు తెలిసింది. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి గీకసాగింది.

"పండుగ బొట్టు చెరుపుతవా అమ్మా?" అన్నారు గోవర్ధనం గారు.

"బొట్టు కాదు సార్, దీని నోట్ల గంధం గడ్డకట్టింది."

గడ్డ ఊడింది. గది దద్దరిల్లింది. ఆయన తెర చూశారు.

"ప్రోటాన్లు మామూలుగనే ఉన్నయి గదా. పోయిన నెల గూడ ఉత్తగనే ఒర్లింది. పని సగంల ఆపితే పై ఆఫీసర్లు నన్ను నమిలేస్తరు."

"అవి వచ్చినంక చెప్తే హెచ్చరికంటరా సార్, సంతాపమంటరా?"

ఆయన తల పట్టుకుని మైకు ఆమె వైపు తోశారు. వరూధిని నౌకకు హెచ్చరిక చెప్పింది.

"ఇంకొక్క బోల్టే వరూ," అంది పైనుంచి అమృతవల్లి.

"బోల్టు ఆడనే ఉంటది. నువ్వు లోపలికి పో తల్లీ."

నౌక తలుపు మూసుకున్నాక తెర మీద ప్రోటాన్ల గీత నిలువునా లేచింది. గోవర్ధనం గారు తన డబ్బాలోని పులిహోర వరూధిని ముందుకు జరిపారు. తప్పు ఒప్పుకోవడం చేతకాని మనుషులు ఇలా తిండి పెడతారు.

ఇప్పుడు నా చోట కొత్త యంత్రం ఉంది. నేను గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో ఉన్నాను. మొన్న ఆయుధపూజకు గోవర్ధనం గారే గంధం గిన్నెతో వచ్చారు. వంగి నా చిల్లులు చూసి, బొట్టు నెత్తిన పెట్టారు.

వైరు కోశారు గానీ హారన్ పీకలేదు. కరెంటు ఇచ్చి చూడండి.