జడల వరుస

కల్యాణి చల్లారిన టీ గ్లాసు బెంచీ కింద పెట్టి, కళ్ళజోడు చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ వరండా వైపు చూసింది. ఆదివారం పొద్దున, కొంటాలోని ఆ హాస్టల్లో ఆడపిల్లలు తలలు దువ్వుకునే వేళ. తడి జుట్లతో ఒకరి వెనక ఒకరు గచ్చు మీద కూర్చుంటారు. ప్రతి పిల్లా తన ముందున్న పిల్లకి చిక్కు తీసి, పేలు చూసి, జడ వేస్తుంది. అందరికంటే ముందున్న పిల్ల తన జడ పూర్తికాగానే లేచి వెనక్కి వెళ్ళి, చివరి పిల్లకి వేస్తుంది. అలా ఎవరి తలా మిగలదు.

కోసే అనే పిల్ల తల ఒక్కటే మిగులుతుంది.

కోసే కుళాయి గట్టు మీద ఒక్కతే కూర్చుని వేళ్ళతో జుట్టు విడదీసుకుంటోంది. హాస్టల్‌కి వచ్చినప్పుడు తలనిండా పుళ్ళుంటే నున్నగా గొరిగించారు. పుళ్ళు మానాయి. జుట్టు భుజాలు దాటింది. అయినా ఆ తలని ఎవరూ ముట్టుకోరు. గజ్జిగుండు అన్న పేరు పెట్టింది బుధ్రి. పిల్లలందరిలో పెద్దది, చక్కని జడలు వేసేది కూడా ఆ బుధ్రే.

కల్యాణి పని చూడడం. పిల్లలు తోటిపిల్లల్ని ఎలా ఏడిపిస్తారో, ఎవరిని ఎందుకు దూరం పెడతారో ఆమె పరిశోధిస్తుంది. ఆ చదువు బచేలిలో, గని కంపెనీ క్వార్టర్ల పక్కనున్న బడిలోనే మొదలైంది. ఆమెకు నత్తి. నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీలవాళ్ళు అదే మాటను నత్తిగా పాటకట్టి పాడేవారు. అందుకని మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి అన్నం తినేది. తింటూ, ఎవరి డబ్బాలోని ఆవకాయ ఎవరి డబ్బాలోకి వెళ్తోందో గమనించేది. గనిలో డంపర్ నడిపే నాన్న ఆమెను విశాఖ రైలెక్కించి సైకాలజీలో చేర్పించాడు. ఆ తర్వాత డాక్టరేటు, జగదల్‌పూర్‌లో ఉద్యోగం, ఒక హాస్టల్ తర్వాత ఇంకో హాస్టల్. పెద్ద ఊళ్ళలో సదస్సులకీ పిలిచేవారు. ఒంటరి పిల్లల గురించి మాట్లాడి, చప్పట్లు అందుకుని, భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని గోడవారగా నిలబడి తినేది.

వార్డెన్ పార్వతి వచ్చి బెంచీ మీద కూలబడింది.

"ఇయాల సంతకి కోసే వాళ్ళ నాయన వస్తండు దీదీ. పిల్ల మూట కట్టుకుంది. ఇగ తిరిగి రాదంట."

"మరి బ... బడి?"

"బడేంది! ఇంటికాడ మేకలున్నయంట. అవి నన్ను గుండు అనవు అంటంది."

కల్యాణి తల దించుకుంది. కిందటిసారి వచ్చినప్పుడు చూడలేక, కోసేని ఈ బెంచీ దగ్గరికి పిలిచి తనే జడ వేసింది. దూరమైన పిల్లని పెద్దవాళ్ళు ముద్దుచేస్తే ఆ దూరం ఇంకా పెరుగుతుందని ఊరూరా చెప్పిన మనిషి తనే. ఆ సాయంత్రమే కోసేకి 'దీదీ బొమ్మ' అని ఇంకో పేరొచ్చింది. ఎవరో కోసే దువ్వెన తీసి పొయ్యిలో వేశారు. ఇక్కడ కల్యాణి పని ఇవాళ్టితో అయిపోతుంది. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోవాలి.

ఆమె లేచింది. సంచిలోంచి చెక్క దువ్వెన తీసింది. ముడికి పెట్టుకున్న క్లిప్పు లాగేసి, కుళాయి దగ్గరికి నడిచి, గట్టు కింద తడినేల మీద కోసేకి వీపు పెట్టి కూర్చుంది.

"న... నాకు జడ వేస్తావా?"

ఇన్నేళ్ళలో పిల్లల్ని ఎన్నో ప్రశ్నలడిగింది గానీ, తనకోసం ఏదీ అడగలేదు. కోసే వరండా వైపు ఓసారి చూసింది. తర్వాత దువ్వెన అందుకుంది.

"దీదీకి గూడ ఎవరూ లేరే!" అని వరండాలో ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. పాత బడిలోలాగే కల్యాణి మెడ వేడెక్కింది. లేవలేదు.

"పేలు లేవు," కోసే గట్టిగా చెప్పింది. "ఈపులున్నా దొరకవు. అన్నీ తెల్లెంటికలే."

వరండా గొల్లుమంది. ఈసారి నవ్వింది కోసేని చూసి కాదు, కోసే మాటకి.

బుధ్రి చూసి చూసి ఓర్చుకోలేకపోయింది. తన జడ సగంలో వదిలేసి వచ్చింది.

"ఏందే ఆ పాపిడి? ఘాట్ రోడ్డు లెక్క వంకర్లు పోతంది. జరుగు!"

గట్టెక్కి కోసే వెనక కూర్చుంది. భుజం మీదుగా వేలు పెట్టి చూపిస్తూ, "మూడు పాయలు సమంగ తియ్యి. గట్టిగ పట్టు. దీదీ ఏం ఏడ్వదులే," అంది. కోసే జుట్టు గాలికి బుధ్రి మొహాన పడింది. పక్కకి తోసింది. మళ్ళీ పడింది. ఈసారి తోసిన చేయి అక్కడే ఉండిపోయింది. ఎప్పటి అలవాటో, వేళ్ళు వాటంతటవే చిక్కు విడదీయసాగాయి.

"ఇంత చిక్కేందే నీకు!" అని కసిరింది. వదల్లేదు.

కల్యాణికి అదేమీ కనిపించలేదు. తన మెడ మీద కోసే చేతులు ఒక్కక్షణం ఆగడం, తర్వాత మెల్లగా కదలడం మాత్రం తెలిసింది.

గేటు దగ్గర కోసే నాన్న జోగ నిలబడి పిలిచాడు. "కోసే! మూట తే బిడ్డా, పోదాం."

"ఆగు నాయనా. జడ అయితంది."

"ఎవలది?"

"దీదీది." కాస్త ఆగి అంది, "నాది గూడ."

జోగ గేటు పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

కల్యాణి జడ పూర్తయింది. పూర్తయినవాళ్ళు లేచి వరుస వెనక్కి వెళ్ళాలి. ఆమె లేచి వెనక్కి వెళ్ళింది. బుధ్రి వెనక అప్పటికే ఒక చిన్నపిల్ల చేరి, సగంలో ఆగిన జడ అందుకుంది. ఆ పిల్ల వెనక మరో పిల్ల. కోసే కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి కూర్చుంది. కల్యాణి కాసేపు నిలబడి చూసింది. సంచీ భుజాన వేసుకుంది.

గేటు దగ్గర జోగ లేచాడు. "పిల్ల వచ్చేటట్టు లేదమ్మా. మళ్ళ సంతకి చూస్తలే," అన్నాడు. ఆమె తలూపి, జడని కొంగు చాటుకి లాక్కుని, బస్సుల వైపు నడిచింది. వెనకనుంచి ఎవరూ పిలవలేదు.

కుళాయి గట్టు మీద చెక్క దువ్వెన ఉండిపోయింది. పళ్ళ మధ్య ఒక పొడుగాటి తెల్లవెంట్రుక గాలికి లేస్తూ, పడుతూ ఉంది.