దొరగారి కేసులో ముద్దాయి

"కొయ్యాల్సిందేనా డాక్టరుగారూ?" అని పెద్దావిడ కొడుకు అడిగేసరికి, బల్ల మీదున్న దొరగారు తోక ముడుచుకున్నారు.

దొరగారంటే ఆ ఇంటి మగకుక్క. ఉన్నట్టుండి ఆయన చనుమొనలు ఈనిన కుక్కకు మల్లే ఉబ్బాయి. వీపు మీద బొచ్చు రాలింది.

"గడ్డలేమోనని అనుమానం. రేపు ముక్క తీసి చూద్దాం," అన్నాడు పశువుల డాక్టరు. "అసలు దీనికేం పెడుతున్నారు?"

కొడుకూ కోడలూ ఒక్కసారే పెద్దావిడ వంక చూశారు.

"అమ్మా, నీ మాత్రలేమైనా తినిందా?"

"నావి బీపీ మాత్రలురా. నిన్ను పెంచినందుకొచ్చిన బీపీ."

"ఏదైనా సరే, ఇకనుంచి దొర నీ గదిలోకి రాడు."

దొర కాళ్ళ దగ్గర లేకపోతే పెద్దావిడకు కునుకు పట్టదు. పైగా చెయ్యని నేరం. రిటైరయ్యేదాకా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన తన మీదే కేసా?

"ఇంట్లో ఎవరైనా హార్మోను మందు వాడుతున్నారా? ఒంటికి రాసుకునేదైనా చెప్పండి," అన్నాడు డాక్టరు.

"అబ్బే, లేదండీ," అన్నాడు కొడుకు. కోడలు మాత్రం గోడ మీద పిడుదుల మందు పోస్టరు శ్రద్ధగా చదవసాగింది.

పెద్దావిడ కళ్ళు చిన్నవయ్యాయి. టికెట్టు లేనివాడు ఎప్పుడూ కిటికీలోంచి బయటికే చూస్తాడు.

నిన్నమొన్నటిదాకా కోడలు చలికాలంలోనూ ఫ్యాను కింద చెమటలు కక్కేది, అయినదానికీ కానిదానికీ కసిరేది. ఈమధ్య వెన్నలా మెత్తబడింది. పొద్దున్నే చేతుల్లేని జాకెట్టుతో కూర్చుంటుంది. ఒళ్ళో దొర. ఆమె ఎడమ మోచేతి పైభాగాన్ని తేనె పూసినట్టు నాకుతూ ఉంటాడు. అది ప్రేమనుకుని పెద్దావిడ కుళ్ళుకుంది కూడా.

"ఊరికే అడుగుతున్నా నాయనా," అంది డాక్టరుతో. "ముట్లుడిగిన ఆడవాళ్ళు వేడి ఆవిర్లు తగ్గడానికి చేతికి జెల్ రాసుకుంటారట. అది కుక్క నాకితే?"

"అచ్చం ఇలాగే అవుతుందండీ. అదే అయితే కోత ఆపి చూద్దాం. నాకడం మానిపిస్తే మెల్లగా తగ్గొచ్చు."

"మరి ఆ మందు మానెయ్యాలా?"

గొంతు కోడలిది. పోస్టరు వైపు నుంచి వచ్చింది.

"ఎందుకమ్మా? రాసిచ్చిన డాక్టర్ని అడక్కుండా మానొద్దు. రాసుకున్నాక చేతులు కడుక్కోవాలి, జెల్ ఆరనివ్వాలి, ఆ చోట బట్టతో కప్పాలి. పిల్లలనీ కుక్కలనీ అక్కడ తాకనివ్వకూడదు."

"ఏం మందు? ఎవరిది?" కొడుకు అయోమయంగా ముగ్గురినీ చూశాడు.

కోడలు అత్తగారి కొంగు పట్టుకుంది. "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా అంటారని చెప్పలేదత్తయ్యా."

"అంటాను. అన్నాక, నాకూ ఒకటి దొరికుంటే బావుండేదని ఏడుస్తాను. నోరు మూసుకున్నదానివి చెయ్యి కూడా కప్పుకోవద్దటే?"

"అమ్మా, ఇంతకీ దొరని ఇలా చేసిందెవరు?"

పెద్దావిడ పాత తనిఖీ గొంతు బయటికి తీసింది.

"నీ పెళ్ళాం ఎడమ చెయ్యిరా."