సుశీల వైపు తోలు

గోపాలరావు మద్రాసు నుంచి ఆ ఎర్ర కారు తెచ్చిన రోజున నరసరావుపేట సగం కదిలొచ్చి చూసింది. ఇద్దరే కూర్చునే కారు. పైకప్పు లేదు. నేలకి జానెడెత్తులో ఉంటుంది, అందులో కూర్చోవటమంటే నీళ్ళతొట్టిలోకి దిగటమే. మిరపా పత్తీ పండించేవాడికి ఇటువంటి కారు దేనికని ఎవరైనా అడిగితే, "ఇది రేసు కారు, ఇంగ్లండుది" అనేవాడు. ప్రశ్నకీ జవాబుకీ పొంతన లేదు. అయినా అందరూ తలలూపారు. ఆస్తిపరుడు ఏం చెప్పినా సబబుగానే వినపడుతుంది మరి.

అసలు సంగతి వేరు. గోపాలరావు ఇల్లు ఎప్పుడూ చుట్టాలతో, కూలీలతో, తల్లి సీతమ్మ పిలుచుకొచ్చే ఊరి ఆడవాళ్ళతో నిండి ఉంటుంది. భార్య సుశీలతో రెండు మాటలు చెప్పుకుందామంటే నలుగురు తలలు దూరుస్తారు. మూడో మనిషి ఎక్కటానికి వీల్లేని కారైతే ఆమే తనూ మాత్రమే ఉంటామని కొన్నాడు. ఆ మాట పైకి చెప్పటానికి సిగ్గుపడి ఇంగ్లండు పేరు చెప్పేవాడు.

ఇంగ్లండు వాళ్ళు ఆ కారుని తమ చలికి తగ్గట్టు చేసుకున్నారు. డాష్‌బోర్డుకి మేలైన తోలు తొడిగారు. ముందద్దం కింద సన్నని సందులు పెట్టి, అద్దం మీది మంచు పోవటానికి లోపల ఒక ఫ్యాను బిగించారు. పల్నాటి ఎండ సంగతి వాళ్ళకేం తెలుసు. రెండు ఎండాకాలాలకే తోలు అంచులు లేచాయి. డ్రైవరు వైపు కాస్త లేచింది గానీ, సుశీల వైపు కాల్చిన అప్పడంలా చుట్టుకుపోయింది.

ఒకరోజు బస్టాండు దగ్గర సుశీల కారు దిగబోతుంటే ఆ ఎండిన అంచు ఆమె వెంకటగిరి చీర కొంగుని పట్టుకుంది. మనిషి లేచింది, కొంగు లేవలేదు. బర్రున చిరిగిన చప్పుడుకి మాచర్ల బస్సులో కూర్చున్నవాళ్ళంతా తలలు బయటపెట్టి చూశారు. సుశీల చిరిగిన కొంగు నడుముకి చుట్టుకుంది. నడిచి ఇంటికి పోయి, చీర మడిచి బీరువాలో పెట్టి, అప్పుడు నోరు తెరిచింది.

"ఇక ఆ కారు నేనెక్కను. ఎత్తిపోతల జలపాతం చూపిస్తానన్నారుగా, నేను బస్సులో పోతా. మీరు మీ కారులో రండి."

అప్పట్నుంచీ ఆ సీట్లో యూరియా బస్తా ఊరేగింది. గోపాలరావు పైకి నవ్వాడు గానీ లోపల చాలా కుంగిపోయాడు.

చివరికి హబీబ్‌ని ఇంటికి పిలిపించాడు. హబీబ్ జీపులకీ లారీలకీ సీట్లు కుడతాడు. తోలుని వేళ్ళతో అటూ ఇటూ వంచి చూసి, "తోలుకేం రోగం లేదు బాబాయ్, లోపలి బంక చచ్చింది" అన్నాడు. పాత బంకంతా గీకాడు. పెట్రోలు గుడ్డతో తుడిచాడు. బిరుసెక్కిన తోలుకి పైన ఆముదం రాసి మెత్తబరిచి, అడుగునా డాష్‌బోర్డుకీ సొల్యూషన్ బంక పూసి, అంటీ అంటనట్టు ఆరాక లాగి అతికించాడు.

"పొద్దుగూకేదాకా దీని మీద బరువుండాల. రాయి పెడితే జారిద్ది. ఇసక బస్తా అయితే వంపుకి తగ్గట్టు సర్దుకుంటది."

"ఇంగ్లండు తోలు మీద ఇసకేంది హబీబూ, గీతలు పడవా? మన మిరపకాయల బస్తా పెట్టు. మెత్తగా కూర్చునిద్ది."

పల్నాటి రైతు తన పంటతో కాని పని ఉందంటే నమ్మడు. మిరపకాయల విషయంలో అతనితో వాదించి గెలవటం హబీబ్ వల్లేమవుతుంది. కాళ్ళతో తొక్కి నింపిన బస్తాని ఇద్దరూ మోసుకొచ్చి డాష్‌బోర్డు మీద పడేశారు. అరుగు మీంచి సీతమ్మ అదంతా చూసింది.

"కారుకి దిష్టి తీస్తున్నారా ఏంది? బస్తాతో తీయటం నేనెక్కడా చూళ్ళేదు."

సాయంత్రం బస్తా దించేటప్పుడు హబీబ్ గట్టిగా తుమ్మాడు. పైన పడ్డ గింజలు తుడిచేశాడు. గోనె కన్నాల్లోంచి రాలిన సన్నని కారం అద్దం కింది సందుల్లోకి దిగిన సంగతి ఎవరూ చూడలేదు. తోలు మాత్రం పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నంత చక్కగా కూర్చుంది. సుశీల వచ్చి, పాత చీర కొంగు తీసి అంచు వెంట రుద్ది చూసింది. ఎక్కడా తగులుకోలేదు.

"సరే, రేపు పోదాం" అంది.

తెల్లారి ఇద్దరూ బయల్దేరారు. పిడుగురాళ్ళ దాటి గురజాల దగ్గరపడేదాకా బ్రహ్మాండంగా మాట్లాడుకున్నారు. అక్కడికి ఎండ ముదిరింది. భార్య ముఖం చెమట పట్టటం చూసి గోపాలరావు కరిగిపోయాడు.

"ఆగవే, చల్లగాలి ఇస్తా" అని, కొన్న నాటినుంచీ ముట్టుకోని ఫ్యాను స్విచ్చి వేశాడు.

మంచు పోగొట్టే ఫ్యాను కారం మొత్తం ఎత్తి ఇద్దరి ముఖాల మీద కొట్టింది. కళ్ళు నులుముకుంటే మంట రెట్టింపైంది. దారిలోనే ఉన్న గురజాలలో, సుశీల అన్న నాగేశ్వరరావు ఇంటి ముందు కారు ఎలాగో ఆగింది.

మొగుడూ పెళ్ళాం చెప్పాపెట్టకుండా, చేతిసంచి కూడా లేకుండా, ఏడుస్తూ దిగారంటే గురజాలలో దానికి ఒకటే అర్థం. ఎవరు పోయారని అడగటం మర్యాద కాదు, ముందు ఏడవాలి. వదిన సుశీలని పట్టుకుని రాగం తీసింది. సుశీల కాదన్నట్టు తల ఊపితే, పాపం నమ్మలేకపోతోందని ఇంకాస్త హెచ్చించింది. వీధంతా వచ్చేసింది.

"ఆ ఇంట్లో పెద్దది సీతమ్మేగా" అని ఒక ముసలమ్మ తేల్చేసింది. "మొన్న గుప్పెడు మిరపకాయలడిగితే లేవంది. అయినా మంచి మనిషి."

గోపాలరావు నోరు తెరిచాడు, దగ్గు వచ్చింది. తల్లంటే ఎంత ప్రేమో అని ఆడవాళ్ళు అతన్ని చూసి ముక్కులు చీదారు. మొగుడూ పెళ్ళాలని పెరట్లోకి తీసుకుపోయి ముఖాలు కడిగించారు, మజ్జిగ పట్టించారు. గొంతులు పెగిలి ఇద్దరూ బయటికొచ్చేసరికి పూలదండలతో సహా ట్రాక్టరు నిండా జనం నరసరావుపేట వెళ్ళిపోయారు. ఈ ఇద్దరినీ ఓదార్చటానికి ఆగిన నాగేశ్వరరావు ఒక్కడే మిగిలాడు.

"అయితే అత్త పోలేదా?" అన్నాడు అంతా విని, కాస్త నిరుత్సాహంగా. "బావా, నువ్వు తొందరగా ఇంటికి పో. చెల్లాయిని రేపు బస్సెక్కించి పంపిస్తాలే. ఈ కారులో ఇంకేం కూర్చునిద్ది."

గోపాలరావుకి ప్రాణం ఉసూరుమంది. ఈసారి కళ్ళలో నీళ్ళు మిరపకాయలవి కావు.

సుశీల అతని ముఖం చూసింది. తడి తువ్వాలు ముక్కుకి కట్టుకుని, కారు చుట్టూ తిరిగిపోయి తన సీట్లో కూర్చుంది.

"ఎక్కండి. ఆ ఫ్యాను జోలికి మాత్రం పోమాకండి."

"ఇంటికేనా?"

"ఎత్తిపోతలకి."

"మరి అమ్మ?"

"అత్తయ్య బతికే ఉందని అత్తయ్యే చెప్పిద్ది. మనవాళ్ళందరూ ఇవాళ అక్కడే ఉంటారు. మన దగ్గరికి రావటానికి ఎవరూ లేరు, పోనీండి."