తూము మీద కూర్చున్నవాళ్లు

రొయ్యల చెరువుల్లో మేత చల్లే మేతల బాబాయిని బ్లీచింగ్ నీళ్ల తొట్టిలో నిలబెట్టి అరగంటైంది. చెరువు గట్టెక్కేవాళ్లు పాదాలు ముంచి వెళ్లడానికి పెట్టిన తొట్టి అది. ఇవాళ అందులో మామూలుకు నాలుగింతలు పొడి కలిపించాడు మేనేజరు.

"నీ కాళ్లతోనే తెచ్చావు రోగం. ఎక్కడెక్కడి బురదో తొక్కొచ్చి నా చెరువులో దిగావు."

"మండుతోందయ్యా."

"మండనీ. పురుగు చావొద్దూ?"

చుట్టూ ఇరవై మంది పనివాళ్లు. అందరూ తమ కాళ్ల వంకే చూసుకుంటున్నారు. వాళ్లలో ట్రేల అక్క కూడా ఉంది. పూటపూటా చెరువులోంచి ట్రేలు పైకి లాగి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటం ఆమె పని. తనకన్నా పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారు. పొద్దున లాగిన ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంది. పక్కన ఐదు రొయ్యలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఒకదాన్ని ఎండకు పట్టి చూసింది. తల మీది పెంకు నిండా సున్నం చిలకరించినట్టు తెల్లమచ్చలు.

రోగం కాళ్లతో రాలేదని అక్కడున్న అందరికీ తెలుసు. ఈసారి కంపెనీ రొయ్య పిల్లను రోగం లేదనే పరీక్ష చీటీ లేకుండానే చెరువుల్లోకి దించింది. "చీటీ ఏదయ్యా?" అని ఆ రోజు అడిగిన ఒకే ఒక్క మనిషి మేతల బాబాయి. ఇవాళ తొట్టిలో నిలబడింది కూడా ఆయనే.

"మధ్యాహ్నం ఆటు," అన్నాడు మేనేజరు. "నీళ్లు సముద్రం వైపు తియ్యడం మొదలుకాగానే కాలవలోకి పెద్ద తూము లేపండి. ఆరు చెరువులూ పోటు తిరిగేలోపు ఖాళీ అవ్వాలి. బయట ఎవరైనా నోరు విప్పారో, రేపట్నుంచి పన్లోకి రానక్కర్లేదు."

"బ్లీచింగ్ వేసి వారం ఆపితే పురుగు చస్తుంది కదయ్యా," అందొక గొంతు వెనకనుంచి. "దిగువన పన్నెండు చెరువులున్నాయి. ఆ కాలవ నీళ్లే తోడుకుంటారు."

"వారం ఆపితే సీజన్ పోతుంది. కంపెనీ చెరువులు ముందా, వాళ్ల గుంటలు ముందా?"

ఆ పన్నెండు గుంటల్లో ఒకటి ట్రేల అక్క తమ్ముడిది. మాట ఆమె నాలుక మీదికి వచ్చి ఆగింది. ఆపింది మేనేజరు మీద భయం కాదు. ఆపింది వేరే సంగతి, అది అక్కడున్నవాళ్లలో ఆమెకొక్కదానికే తెలుసు.

ఆ కాలవ మీద ఒక అలవాటుంది. చెరువులో తెల్లమచ్చ రోగం కనబడితే ఎవరూ ఎవరికీ చెప్పరు. చెబితే కొనేవాడు గట్టెక్కడు, పక్కవాడు మొహం చూడడు. గుట్టుగా నీళ్లు కాలవలోకి వదిలేస్తారు. సాయంత్రం దిగువవాడు ఎదురైతే "రొయ్య ఎలా ఉంది?" అని కుశలం అడుగుతారు. రెండేళ్ల కిందట ఆమె, ఆమె తమ్ముడు అదే చేశారు. వాళ్ల దిగువన ఉన్నది సణుగుడు మావ చెరువు. ఐదు రోజుల్లో రొయ్యంతా చచ్చి తేలిపోయింది. ఆయన భార్యను పరామర్శించడానికి వెళ్లి, ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది ట్రేల అక్క. ఏడుపు నిజమే. నిజమైన ఏడుపుతో కూడా అబద్ధం ఆడొచ్చని ఆ రోజే తెలిసింది ఆమెకు. అప్పట్నుంచి తన చేతుల్ని తానే వేరేవాళ్ల చేతుల్లా చూసుకుంటోంది.

తొట్టిలోంచి దిగుతూ బాబాయి తూలాడు. ఎవరో పట్టుకున్నారు. ఆమె ట్రే కింద పెట్టి, గట్టు దిగి నడవడం మొదలుపెట్టింది.

ఆమె కబురందుకుని దిగువ చెరువులవాళ్లు నీళ్లు తోడే ఇంజను పాకలో పోగయ్యారు. ఆమె చెప్పింది విని ఒక్కసారిగా అరుపులు.

"కంపెనీ జీతం తింటూ కంపెనీ మీదే చెప్తావా? ఎలా నమ్మేది?"

"మన చేత రొయ్య ముందే పట్టించి చవగ్గా కొట్టెయ్యాలనేమో!"

"ఇన్నేళ్లలో ఈ కాలవ మీద ఎవరైనా నోరు తెరిచి మచ్చ వచ్చిందని చెప్పారా?" అన్నాడు సణుగుడు మావ. "నువ్వెందుకు చెప్తున్నావమ్మాయ్?"

"అక్కా, ఇక చాలు, పద," అన్నాడు తమ్ముడు ఆమె చెయ్యి గుంజుతూ. ఆమె ఏం చెప్పబోతోందో వాడికి అర్థమైపోయింది.

"అప్పుడు చెప్పలేదు కాబట్టి," అంది ఆమె. "రెండేళ్ల కిందట మీ చెరువు పోయింది మా నీళ్లతోనే మావా. నేనూ వీడూ కలిసే తూము లేపాం. లేపేసి మీ ఇంటికొచ్చి ఏడ్చాను."

సణుగుడు మావ సణగడం కూడా మర్చిపోయాడు.

"ఐదు రోజులు..." అన్నాడు చివరికి. "ఐదు రోజులు నా పెళ్లాన్ని తిట్టాను. దాని చెయ్యి మంచిది కాదు, మేత అదే వేసిందని." కండువాతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. "నిన్ను తిట్టడానికి ఒక పూట విడిగా పెట్టుకుంటాలే. ఇవాళ తీరిక లేదు. ఆటు ఎన్నింటికి?"

"పోయినేడు నేనూ వదిలాను," అన్నాడు మూలనుంచి ఒకడు, నేల చూస్తూ.

"నేను రెండుసార్లు."

"ఓరి మీ దుంపతెగ! మన మేకల్ని మనమే చంపుకుని, తోడేలు తిన్నదని తిట్టుకున్నాం కదరా!"

ఎవరో నవ్వారు. అది సిగ్గుతో వచ్చిన నవ్వే. కానీ ఆ నవ్వుతో ఒకరి మొహం ఒకరు చూడగలిగారు.

ఆటు మొదలయ్యేసరికి పెద్ద తూము మీద, దాని చుట్టూ నలభై మంది కూర్చున్నారు. మేనేజరు పనివాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. ముందు మేతల బాబాయి, పాదాలకు గుడ్డలు చుట్టుకుని, భుజాన ఇనప కొక్కెంతో.

"ఏం చూస్తున్నారు? వీళ్లని తోసి పలకలు లేపండి!"

బాబాయి తూము దాకా వచ్చాడు. ట్రేల అక్క పక్కన చోటు చూసుకుని, కొక్కెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"కాళ్లు మండుతున్నాయయ్యా. నిలబడలేను."

రెండో కొక్కెం మోస్తున్నవాడు కూడా కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు మిగతా పనివాళ్లంతా కూర్చున్నారు. దిగువవాళ్లు జరిగి చోటిచ్చారు. కంపెనీవాళ్లని నిన్నటిదాకా వాళ్లు పలకరించిన పాపాన పోలేదు.

పొద్దు వాలుతుండగా పోలీసు వ్యాను వచ్చింది.

"ఎవరు పోగేశారు వీళ్లని?" అన్నాడు ఎస్సై.

"తెల్లమచ్చ," అన్నాడు సణుగుడు మావ. "పట్టుకెళ్లండి. కంపెనీ చెరువులోనే ఉంది."

జనాన్ని చేతులు పట్టి, కాళ్లు పట్టి పక్కకు ఈడ్చారు. సణుగుడు మావను నలుగురు మోశారు. మోసినంతసేపూ ఆయన వాళ్లకు మోయడం చేతకావట్లేదని సణుగుతూనే ఉన్నాడు. ట్రేల అక్కనూ బాబాయినీ వ్యాను ఎక్కించారు. తూము ఖాళీ అయింది.

"లేపండిప్పుడు," అన్నాడు ఎస్సై.

పనివాళ్లు గట్టు మీదే కూర్చున్నారు. ఎవరూ లేవలేదు. మేనేజరు బూట్లు విప్పి తానే దిగాడు. రెండో కొక్కెం ఒక కానిస్టేబులు చేతికిచ్చాడు. తూము పలకకు రెండు కొసలు. ఇద్దరు ఒకే ఊపిరితో, ఒకే ఊపుతో లాగాలి. ఒకడు ముందు లాగితే పలక అడ్డం తిరిగి గాడిలో బిగుసుకుపోతుంది. మేనేజరు ముందు లాగాడు. పలక కిర్రుమని ఓరగా తిరిగి బిగుసుకుంది. ఎంత గుంజినా కదల్లేదు. కానిస్టేబులు వెనక్కి జారి నడుందాకా బురదలో కూర్చున్నాడు.

"ఎవరైనా వచ్చి సరిచెయ్యండి!" మేనేజరు అరిచాడు. "రెండు రోజుల కూలి ఇస్తా!"

కాలవ ఒడ్డంతా నవ్వింది.

వ్యాను కిటికీ ఊచల మధ్యనుంచి ట్రేల అక్క కాలవను చూస్తోంది. నీటి మీద తేలుతున్న చెత్త ఒక్క క్షణం ఆగి, మెల్లగా ఎగువకు కదిలింది. పోటు తిరిగింది. ఇవాళ్టికి ఆ నీళ్లు బయటికి పోవు. ఆమె తన చేతుల వంక చూసుకుంది. అవి తనవే.

"రేపు కూడా ఆటు ఉందే!" వ్యాను కదులుతుంటే లోపలికి కేకేశాడు ఎస్సై. "మీరు లేకుండా రేపు తూము మీద ఎవరు కూర్చుంటారో చూస్తా."

సమాధానం గట్టు మీదనుంచి వచ్చింది. ఎవరి గొంతో ఆమెకు తెలియలేదు. తమ్ముడిదో, మావదో, ఇన్నాళ్లూ పలకరించని వాడిదో.

"రేపు పై కాలవ వాళ్లూ వస్తున్నారు సార్. ఇంకాస్త పెద్ద వ్యాను తెచ్చుకోండి!"