చెల్లెలు వేసిన రెండు వృత్తాలు

నక్షత్రశాలలో ఇరవై ఏళ్లుగా వ్యాఖ్యానం రాస్తున్నది నేను. ఈసారి కొత్త ప్రదర్శనను మా చెల్లికి అప్పగించారు. తను తెర మీద, విశ్వంలో దేని వాటా ఎంతో చూపే రెండు వృత్తాలు వేసింది. విశ్వం పసిగా ఉన్నప్పటి వృత్తంలో కృష్ణ పదార్థానిది, అంటే డార్క్ మ్యాటర్‌ది, సగానికి పైగా వాటా; కృష్ణ శక్తిది, అంటే డార్క్ ఎనర్జీది, లేనట్టే. ఇప్పటి వృత్తంలో శక్తిది మూడింట రెండు వంతులు, పదార్థానిది పావు. కింద "కృష్ణ పదార్థం తరిగిపోయింది" అని రాసింది.

అది తప్పు. నా కడుపు చల్లబడింది. రేపు డైరెక్టర్ గారి ముందు నవ్వులపాలు కానీలే అని నోరు మెదపలేదు.

"ఏంటక్కా అలా చూస్తున్నావు? కుళ్లుకుంటున్నావా?" అని నవ్వింది.

"నీ మొహం! నాకెందుకు కుళ్లు?"

"పాపం ఈ పదార్థం! ఒకప్పుడు రాజ్యమంతా తనదే. ఇప్పుడు చూడు, మూలన పడింది."

ఆ జాలి ఎవరి మీదో నాకు అర్థమైనట్టే అనిపించింది.

"తరగలేదే! ఎంతుందో అంతే ఉంది. చోటు పెరిగి పలచబడింది. శక్తి అలా పలచబడదు, అందుకే దాని వాటా పెరిగింది. ముందు అది దిద్దు!" అని అరిచాను.

చెల్లి గబగబా దిద్దింది. "నువ్వు లేకపోతే నా పరువు పోయేదక్కా," అంటూ చెయ్యి పట్టుకుంది.

తన పరువు కోసం చెప్పలేదని నాకు తెలుసు. అయినా ఆ మెప్పును కాదనలేకపోయాను.